క్రిటాలో నీడ అంచు దాటకుండా

క్రిటా అనే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లో గీస్తున్న యానిమేషన్ బొమ్మలో పిల్లాడికి ఎడమవైపు నుంచి దీపం వెలుగు. కుడి చెంప మీద నీడ వేస్తే, ముఖం అంచు దాటి వెనక గోడ మీదికీ పాకుతోంది. కింది లేయర్లలో, అంటే పొరల్లో, రంగు ఉన్న చోటే పై లేయర్ కనిపించేలా చేసే ఇన్‌హెరిట్ ఆల్ఫా ఆన్‌లోనే ఉంది! తీరా చూస్తే, అది కింద ఉన్న లేయర్లన్నిటినీ లెక్కలోకి తీసుకుంటుంది. నిండుగా రంగు పూసిన గోడ కూడా అందులో ఉంటే ఇక నీడని ఆపేదేముంది? పిల్లాడి బొమ్మనీ నీడ లేయర్‌నీ విడిగా ఒక గ్రూపులో పెట్టాను, దారికొచ్చింది.

నీడ లేయర్ కింది రంగుతో కలిసే తీరు, అంటే బ్లెండింగ్ మోడ్, మల్టిప్లై; అది కింది రంగుని ముదురు చేస్తుంది. బూడిదరంగు మాత్రం వద్దు, చర్మానికి మసి పూసినట్టుంటుంది. లేత ఊదా బాగా కుదిరింది. నేల మీది నీడకి బొమ్మ కాపీనే నల్లగా చేసి, షియర్‌తో కుడివైపుకి వాల్చి, కాస్త బ్లర్ చేశాను. పిల్లాడు ఎగిరే ఫ్రేముల్లో ఆ నీడని పాదాల నుంచి విడదీయాలి, లేకపోతే ఎగిరినట్టే అనిపించదు.