భూవిజ్ఞాన డేటాకు సర్కారీ క్లౌడ్ కాంట్రాక్టులు: ఎక్కడ చిక్కు పడుతుంది, ఎలా విప్పాలి

బాలానగర్‌లో ఎన్‌ఆర్‌ఎస్‌సీ (ఉపగ్రహ చిత్రాల కేంద్రం), ప్రగతినగర్ దగ్గర ఇన్‌కాయిస్ (సముద్ర సమాచార కేంద్రం), ఉప్పల్‌లో ఎన్‌జీఆర్‌ఐ (భూభౌతిక పరిశోధన సంస్థ). ఉపగ్రహ చిత్రాలు, సముద్రం, భూకంపాల డేటాకు హైదరాబాద్ పెద్ద ఊరు. అలాంటి డేటాను క్లౌడ్‌లో నడిపే పని దొరికాక వచ్చే ఇబ్బందుల్లో చాలావాటికి మూలం టెండర్ కాగితాల్లోనే ఉంటుంది. సమస్య కనబడగానే సర్వర్ లాగ్‌లతో పాటు బీఓక్యూ (టెండర్‌లో పనుల, పరిమాణాల, రేట్ల పట్టిక) కూడా తెరవండి.

సమస్య: సిస్టమ్ బాగానే ఉంది, క్లౌడ్ బిల్లు మాత్రం అంచనా దాటుతోంది

కారణం: ముందు ఎగ్రెస్‌ని, అంటే క్లౌడ్ నుంచి డేటా బయటికి వెళ్లడాన్ని, అనుమానించండి. డేటా లోపల పెట్టడానికి సాధారణంగా చార్జీ ఉండదు. బయటికి తీస్తే జీబీల లెక్కన పడుతుంది. బీఓక్యూలో స్టోరేజ్, వర్చువల్ మెషీన్లు రాస్తారు, డౌన్‌లోడ్లకు వరుసే పెట్టరు. దాంతో పోర్టల్‌ని జనం వాడేకొద్దీ కాంట్రాక్టర్‌కి నష్టం. నాసాకే ఈ చిక్కు ఎదురైంది. భూపరిశీలన డేటాను క్లౌడ్‌కి మారుస్తున్నప్పుడు, అది 2025 నాటికి 247 పెటాబైట్లకు చేరుతుందని అంచనా ఉండగా, ఎగ్రెస్ ఖర్చు బాగా పెరిగే ప్రమాదం ఉందని 2020 మార్చిలో ఆ సంస్థ ఇన్‌స్పెక్టర్ జనరల్ హెచ్చరించారు.

పరిష్కారం: నెలకు ఎన్ని టెరాబైట్లు బయటికి వెళ్తాయి, దాటితే ఎవరు కట్టాలి అని ప్రీబిడ్‌లోనే (బిడ్ వేసే ముందు సందేహాలు అడిగే దశలో) రాతపూర్వకంగా అడగండి. జవాబు కారిజెండంలోకి (టెండర్‌కి అధికారిక సవరణ) రావాలి. మీటింగ్‌లో నోటిమాటగా ఒప్పుకున్నది బిల్లు పాస్ చేసే రోజు పనికిరాదు. ఎగ్రెస్‌కి విడిగా యూనిట్ రేటు పెట్టించండి.

టెక్నికల్‌గా కూడా భారం తగ్గించవచ్చు. చిత్రాలను క్లౌడ్ ఆప్టిమైజ్డ్ జియోటిఫ్‌లోకి, ఏళ్ల తరబడి పోగైన గ్రిడ్ డేటాను జార్ ఫార్మాట్‌లోకి మార్చండి. అప్పుడు మూసీ పరీవాహకం ఒక్కటే కావాల్సినవాళ్లు మొత్తం సీన్ (పూర్తి ఉపగ్రహ చిత్రం) దించుకోకుండా ఆ ముక్కే చదువుకుంటారు. ఎక్కువ వాడే శాస్త్రవేత్తలకు డేటా ఉన్న క్లౌడ్ రీజియన్‌లోనే లెక్కలు నడిపే సర్వర్లు (కంప్యూట్) ఇవ్వండి.

సమస్య: పాత డేటా అడిగితే గంటలు పడుతోంది

కారణం: చవకని అంతా ఆర్కైవ్ టియర్‌లో (చవకైన, కానీ డేటా నెమ్మదిగా వెనక్కి వచ్చే స్టోరేజ్) పెట్టారు.

పరిష్కారం: మెటాడేటా, చిన్న ప్రివ్యూలు, వరద సమయంలో కావాల్సిన సీన్లు హాట్ స్టోరేజ్‌లో (వెంటనే తెరుచుకునేది) ఉంచండి. డేటా వెనక్కి తెచ్చే సమయాన్ని ఎస్‌ఎల్‌ఏలో (సేవా ప్రమాణాల ఒప్పందం) విడిగా రాయించండి. లేదంటే పెనాల్టీ మీకే పడుతుంది.

సమస్య: టెక్నికల్ బిడ్ దగ్గరే తిరస్కరణ

కారణం, పరిష్కారం రెండూ చిన్నవే. క్లౌడ్ సంస్థ పేరు కేంద్ర ఐటీ శాఖ ఎంప్యానెల్‌మెంట్ (ఆమోదం పొందిన సంస్థల) జాబితాలో ఉంటే చాలదు. మీరు కోట్ చేసిన డేటా సెంటర్, ఆ సేవ కూడా అందులో ఉన్నాయా, ఎస్‌టీక్యూసీ (ఐటీ శాఖ నాణ్యత తనిఖీ విభాగం) ఆడిట్ గడువు మిగిలి ఉందా చూసుకోండి.

సమస్య: ఎల్‌1కి (అతి తక్కువ ధర వేసిన బిడ్డర్‌కి) పని ఇచ్చారు, సగంలో ఆగింది

ఇది టెండర్ పిలిచే ప్రభుత్వ శాఖల వాళ్లకు. హెచ్‌డీఎఫ్, నెట్‌సీడీఎఫ్ లాంటి శాస్త్రీయ డేటా ఫైళ్లు ముట్టని కంపెనీ తక్కువ ధరతో గెలిస్తే తప్పు దానిదొక్కటే కాదు. 2021 అక్టోబర్ ఆర్థిక శాఖ మార్గదర్శకాలు కన్సల్టెన్సీ కాని సేవలకూ షరతులతో క్యూసీబీఎస్ (నాణ్యతనూ ధరనూ కలిపి మార్కులేసి ఎంచే పద్ధతి) వాడుకోనిచ్చాయి. ధరేతర అంశాలకు 30 శాతం వరకు వెయిటేజీ ఇవ్వవచ్చు. ఆ వీలు వాడుకోండి.

సమస్య: గడువు ముగిసింది, డేటా కొత్త వెండర్‌కి చేరడం లేదు

కారణం: ఎగ్జిట్ క్లాజ్‌లో 'డేటా అప్పగించాలి' అన్న ఒక్క వాక్యమే ఉంది. 2020 అక్టోబర్ వరదల నాటి చిత్రం పోతే మళ్లీ తీయలేం, అంత తేలిగ్గా వదిలేసే క్లాజ్ కాదిది.

పరిష్కారం: ప్రతి ఫైలుకీ చెక్‌సమ్ (ఫైలు మారలేదని తేల్చే సంఖ్య), స్టాక్ (ఎస్‌టీఏసీ, భూ చిత్రాల జాబితాకు వాడే ప్రమాణం) ప్రమాణంలో కేటలాగ్, తరలింపుకయ్యే ఎగ్రెస్ ధర, రెండు వ్యవస్థలూ కలిసి నడిచే కాలం క్లాజ్‌లోనే రాయించండి. చెక్‌సమ్‌లు సరిపోలాకే చివరి బిల్లు, పాత కాపీ తొలగింపు.