కొత్త కంపునల్లి జాతిని శాస్త్రానికి పరిచయం చేయడం ఎలా

ఉష్ణమండల అడవిలో దొరికిన ఒక కంపునల్లి మన దగ్గరున్న ఏ బొమ్మతోనూ సరిపోలనంత మాత్రాన అది శాస్త్రానికి కొత్తదని చెప్పడానికి వీల్లేదు. కంపునల్లుల (స్టింక్ బగ్) కుటుంబమైన పెంటాటోమిడేలో ఇప్పటికే 4,700కు పైగా జాతులకు పేర్లున్నాయి. వాటిలో చాలావాటిని నూరేళ్లకు ముందే కొద్దిపాటి లాటిన్ వాక్యాలతో, బొమ్మ కూడా లేకుండా ప్రచురించారు. అందువల్ల పాత పేర్లలో ఏదీ మన పురుగుకు వర్తించదని నిరూపించడమే ఈ పనిలో అసలు బరువైన భాగం.

మొదట కుటుంబాన్ని నిర్ధారించుకోవాలి. సాధారణంగా ఈ కుటుంబపు పురుగులకు స్పర్శశృంగాల్లో ఐదు ఖండాలు, పాదాల్లో మూడు ఖండాలు ఉంటాయి. స్కుటెల్లం అనే త్రికోణపు పలక వీపు మధ్యదాకా సాగినా, ఎక్కువ జాతుల్లో ఉదరం మొత్తాన్నీ కప్పదు. మన రైతులు వరిలో కంపునల్లి అని పిలిచే సన్నటి పురుగు ఆలిడిడే అనే వేరే కుటుంబానికి చెందినది, దాని స్పర్శశృంగాలకు నాలుగే ఖండాలు.

సేకరణకు ముందు అటవీ శాఖ అనుమతి తీసుకోవాలి. దొరికిన చోటు, అక్షాంశ రేఖాంశాలు, సముద్రమట్టం నుంచి ఎత్తు, తేదీ, సేకరించినవారి పేరు, పట్టిన పద్ధతి అదే రోజు చీటీ మీద రాయాలి. మొక్క మీద దొరికితే అది రసం పీలుస్తూ కనిపించిందా, ఊరికే వాలి ఉందా అన్నది విడిగా రాయాలి, ఎందుకంటే వాలినంత మాత్రాన అది ఆతిథేయ మొక్క కాదు. ఆకుపచ్చ రంగు చనిపోయాక పసుపుకు తిరిగిపోతుంది కనుక బతికుండగానే ఫోటో తీయడం మంచిది. డీఎన్ఏ కోసం ఒక కాలును శుద్ధ ఆల్కహాల్‌లో భద్రపరచి, సూదిని స్కుటెల్లం కుడి సగం గుండా గుచ్చాలి. అప్పుడు మధ్యరేఖ మీది లక్షణాలు, ఎడమ సగం చెక్కుచెదరకుండా ఉంటాయి.

ఈ పురుగుల్లో రంగును నమ్మి జాతిని నిలబెట్టకూడదు. లిన్నేయస్ 1758లో వర్ణించిన నెజారా విరిడ్యులాలో పూర్తిగా ఆకుపచ్చగా ఉండేవి, తలమీద, మెడ పలక ముందుభాగంలో లేతపసుపు పట్టీ ఉండేవి ఒకే జాతి. చలికాలపు విశ్రాంతి దశలో అదే పురుగు గోధుమరంగుకు మారుతుంది. ఇలాంటి రూపాలకు వెనుకటివారు వేర్వేరు పేర్లు పెట్టారు. జీడిమామిడి మీద కనిపించే కాటకాంథస్ ఇన్కార్నేటస్ కూడా పసుపు నుంచి ఎరుపు దాకా రకరకాల రంగుల్లో ఉంటుంది.

నమ్మదగిన లక్షణాలు వేరేచోట ఉన్నాయి. వక్షం పక్కన, మధ్యకాలికీ వెనుకకాలికీ నడుమ వాసన గ్రంథి రంధ్రం తెరుచుకుంటుంది. దాని అంచు చెవి ఆకారంలో ఉందా, పొడవాటి గాడిలా సాగిందా, చుట్టూ ఉన్న మెరుపులేని గరుకు ప్రాంతం ఎంతవరకు వ్యాపించింది అన్నవి చూసి బొమ్మ గీయాలి. అంతకన్నా ముఖ్యమైనది మగ పురుగు ఉదరం చివర ఉండే పైగోఫోర్ అనే జననాంగ సంపుటి. ఎండిన నమూనాను తేమగా ఉన్న మూత డబ్బాలో మెత్తబరిచి, సన్నటి కొక్కెపు సూదితో ఈ సంపుటిని బయటికి తీసి, కండరాలు కరిగేదాకా పది శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో ఉంచాలి. ఆ తర్వాత నీటితో కడిగి, గ్లిజరిన్‌లో ఉంచి, మైక్రోస్కోప్ కింద పైనుంచీ, కిందినుంచీ, వెనుకనుంచీ పరిశీలించాలి. సంపుటి అంచులోని నొక్కులు, పారామీర్ అనే జత కొక్కేల వంపు, వాటి మీది వెంట్రుకల అమరిక దగ్గరి జాతులను వేరుచేయడంలో తరచుగా నిర్ణయాత్మకమవుతాయి. ఇక్కడ తొందర పనికిరాదు. సంపుటి కొద్దిగా పక్కకు తిరిగినా బొమ్మలో పారామీర్ ఆకారం మారిపోతుంది కనుక ప్రతి నమూనానూ ఒకే కోణంలో ఉంచి గీయాలి. పని ముగిశాక భాగాలను చిన్న గ్లిజరిన్ గొట్టంలో వేసి ఆ నమూనా సూదికే గుచ్చాలి.

తరువాతది పోల్చే పని. భారత ప్రాంతపు జాతులకు బ్రిటిష్ కీటక శాస్త్రవేత్త డిస్టెంట్ 1902లో ప్రచురించిన గ్రంథం ఇప్పటికీ తప్పని ఆధారం. ఆయన మూల నమూనాలు, అంటే పేరు పెట్టడానికి ఆధారమైన పురుగులు, ఎక్కువగా లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియంలో ఉన్నాయి. స్వీడన్ కీటక శాస్త్రవేత్త స్టోల్ వర్ణించినవాటికి స్టాక్‌హోమ్‌లోనూ, తమిళనాడులో ఒకప్పటి డెన్మార్క్ స్థావరమైన తరంగంబాడి నుంచి వెళ్లిన పురుగులకు డెన్మార్క్ కీటక శాస్త్రవేత్త ఫాబ్రిషియస్ పెట్టిన పేర్లకు కోపెన్‌హాగన్‌లోనూ వెతకాలి. నా దృష్టిలో మూల నమూనాను, కనీసం దాని నాణ్యమైన ఫోటోలను చూడకుండా దగ్గరి జాతితో తేడాలు రాయడం సరికాదు. డీఎన్ఏ బార్‌కోడ్, అంటే జాతిని గుర్తించడానికి వాడే చిన్న డీఎన్ఏ వరుస, జాతి కొత్తదన్న వాదనకు బలమిస్తుంది గానీ ఈ పోలిక స్థానాన్ని తీసుకోదు.

వ్యాసంలో దగ్గరి జాతుల నుంచి వేరుచేసే లక్షణాలను మొదట క్లుప్తంగా చెప్పి, తల నుంచి జననాంగాల దాకా వరుసగా వర్ణించి, కొలతలను మిల్లీమీటర్లలో ఇవ్వాలి. అంతర్జాతీయ జంతు నామకరణ నియమావళి ప్రకారం 2000 నుంచి ప్రచురించే పేరుకు అది కొత్తదని స్పష్టంగా చెప్పాలి, హోలోటైప్‌ను (పేరుకు ఆధారంగా ఎంచిన ఒకే నమూనాను) లేదా సమాన హోదా ఉన్న నమూనాలను పేర్కొనాలి, అవి ఏ సంస్థలో ఉంటాయో తెలపాలి. విశేషణ రూపంలోని జాతి పేరు, ప్రజాతి (దగ్గరి జాతులను కలిపే పై వర్గం) పేరు లింగాన్ని అనుసరించాలి. లిన్నేయస్ సైమెక్స్ విరిడ్యులస్ అన్నది నెజారాలోకి వచ్చాక విరిడ్యులా అయింది అందుకే. కేవలం ఎలక్ట్రానిక్ రూపంలో వచ్చే వ్యాసానికి జంతువుల పేర్ల ఆన్‌లైన్ పట్టిక అయిన జూబ్యాంక్‌లో నమోదు అవసరం. మన దేశంలో దొరికినదైతే జీవవైవిధ్య చట్టం, 2002లోని 39వ సెక్షన్ ప్రకారం నిర్దేశిత సంస్థకు తెలిపి నమూనాలను అక్కడ జమచేయాలి. జంతువులకు అటువంటి సంస్థల్లో ఒకటి జూలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా.

ఒకే ఒక ఆడ పురుగు దొరికినప్పుడు, అది ఎంత విలక్షణంగా కనిపించినా, పేరు పెట్టకుండా పూర్తి వివరాల చీటీతో మ్యూజియంలో ఉంచి, అదే చోట అదే రుతువులో మగవాటి కోసం మళ్లీ వెతకడమే ఉచితం.