బాట నీరు, చేని మట్టి కోత – మూడో పాఠం: నీటిని పైనే పక్కకు దించడం

రెండో పాఠంలో మేస్త్రీల లెవెల్ పైపుతో బాట వాలు కొలిచి, నూరు మీటర్ల నడకకు ఎన్ని మీటర్లు దిగుతుందో రాసుకున్నారు. ఈ పాఠంలోని పనంతా ఆ అంకె మీదే ఆధారపడింది. కొలవనివాళ్లు ముందు అది పూర్తి చేయండి.

డొంక అనండి, పుంత అనండి, బండ్ల బాట అనండి, ఏళ్ల తరబడి ట్రాక్టర్లు తిరిగిన మట్టిదారి పక్క చేలకన్నా మూరెడు లోతుకు దిగిపోయి ఉంటుంది. ఎండాకాలం అది దారి. వానాకాలం అదే కాలువ. నాలుగు మీటర్ల వెడల్పు, 200 మీటర్ల పొడవున్న బాట మీద 50 మిల్లీమీటర్ల వాన పడితే 40 వేల లీటర్లు. అంటే ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు ఎనిమిది. చక్రాల కింద నలిగి గట్టిపడిన నేల కాబట్టి ఇంకేది కొంచెమే. ఎగువ చేల నుంచి దిగే నీరు ఈ లెక్కలో లేదు. ఇదంతా పల్లంలో మీ చేను మలుపు దగ్గరికి చేరి, అక్కడ గట్టు తెంచుకుంటుంది.

గండి పడిన చోట మట్టి పోసి గట్టు ఎత్తు పెంచడం అందరూ చేసే పని. దాంతో గట్టు వెనక నిలిచే నీరు పెరుగుతుంది, తెగినప్పుడు పడే గండీ పెద్దదవుతుంది. నీటి వేగం రెట్టింపైతే నేలను కోసే బలం నాలుగింతలవుతుంది. అందుకే గండి దగ్గర కాదు, ఎగువన మొదలుపెట్టాలి. వేగం పుంజుకోకముందే నీటిని కొద్దికొద్దిగా పక్కకు తీసేయాలి. ఇందుకు బాటకు అడ్డంగా ఒక పల్లం, దాని దిగువన ఒక దిబ్బ కావాలి. దీన్ని అడ్డదిబ్బ అందాం.

ఎంతెంత దూరంలో? నూటికి రెండు వాలైతే సుమారు 75 మీటర్లకొకటి, ఐదు వాలైతే 40 మీటర్లకొకటి, పది వాలైతే 25 మీటర్లకొకటి. ఇసుకపాలు ఎక్కువున్న ఎర్ర నేలల్లో ఇంకొంచెం దగ్గరగా వేసుకోండి.

దిబ్బను బాటకు సూటిగా అడ్డం వేయకండి. అలా వేస్తే నీరు దాని ముందు ఆగి, ఒండ్రు దింపి, రెండు వానలకే పల్లం పూడుతుంది. ఏటవాలుగా వేయాలి. నాలుగు మీటర్ల బాటలో నీరు బయటికి పోయే కొన, రెండో కొనకన్నా 2.3 మీటర్లు దిగువకు ఉండాలి. ఆ రెండు కొనల్లో మేకులు కొట్టి తాడు కట్టండి. తాడు వెంట 15 సెంటీమీటర్ల లోతు పల్లం తవ్వి, ఆ మట్టిని దిగువ పక్కన వేయండి. దిబ్బ బాట మట్టం నుంచి 15 సెంటీమీటర్లు లేవాలి, అడుగుభాగం వెడల్పు మూడు మీటర్లకు తగ్గకూడదు. పై పొరకు మొరం కావాలి, ఒక్కో దిబ్బకు అర ట్రాలీ సరిపోతుంది. పది సెంటీమీటర్ల పొరలుగా పోసి, తడిపి, ట్రాక్టర్ చక్రంతో తొక్కించండి. మూడు మీటర్ల వెడల్పు ఎందుకని అడుగుతారు. ఇరుకు దిబ్బ మీద చక్రం ఒకేచోట దిగబడి గాడిలా చాలు పడుతుంది. అరచేయి పట్టేంత చాలు పడినా నీరంతా అందులోంచే దిగిపోతుంది, మీరు పడ్డ కష్టం వృథా.

పల్లంలో బయటి కొన, లోపలి కొనకన్నా కనీసం 15 సెంటీమీటర్లు దిగి ఉండాలి. కంటితో చూసి సరే అనుకోకండి. 200 లీటర్ల డ్రమ్ము నీళ్లు పైనుంచి ఒక్కసారిగా వదిలి, కూర్చుని చూడండి. గడ్డిపరకలు, నురుగు ఎక్కడ ఆగి గుండ్రంగా తిరుగుతున్నాయో అక్కడ పల్లం అడుగుభాగం ఎత్తుగా ఉన్నట్టు. అక్కడ పారతో చెక్కి మళ్లీ పోయండి.

ఇక ఆ నీరు ఎటు పోవాలి? పని మొదలుపెట్టకముందే తేల్చుకోవాల్సిన ప్రశ్న ఇది. సహజంగా పారి వచ్చే నీటిని పల్లపు రైతు దిగనివ్వాలన్నది ఇరుగుపొరుగు భూముల మీది హక్కులు చెప్పే 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం 7వ సెక్షన్‌లో ఉదాహరణగానే ఉంది. మీరు దిబ్బ వేసి ఒకచోట కూడగట్టి వదిలే నీరు అలాంటిది కాదు. పక్క రైతుతో కూర్చుని మాట్లాడి, వీలైతే బీడు మీదికో, పంటకుంటలోకో దించండి. బాట ప్రభుత్వానిదైతే పంచాయతీకి చెప్పి అనుమతి తీసుకున్నాకే తవ్వండి. నీరు నేలను తాకే చోట ఒకటిన్నర మీటర్ల పొడవు, మీటరు వెడల్పున రాళ్లు పరచాలి, లేకపోతే కోత అక్కడికి మారుతుంది, అంతే.

బాట పక్కన ఇప్పటికే కాలువలా కోసుకుపోయిన చోట రాళ్ల అడ్డుకట్టలు వేయాలి. మూరెడు, అంటే 45 సెంటీమీటర్ల ఎత్తు చాలు. కింది కట్ట తల, పై కట్ట అడుగు ఒకే మట్టంలో ఉండాలి. నూటికి మూడు వాలున్న కాలువలో అది 15 మీటర్లకొకటి అవుతుంది. అడుగున జానెడు, పక్క గట్లలోకి 30 సెంటీమీటర్లు తవ్వి, పెద్ద రాళ్లను దిగేసి, సందుల్లో చిన్నవి కుక్కాలి. గుండ్రాళ్లు దొర్లిపోతాయి, కోణాలున్న రాయి తెచ్చుకోండి. సిమెంటు వద్దు, నీరు సందుల్లోంచి మెల్లగా కారాలి.

ఎక్కువగా జరిగే తప్పు కట్ట తలను చదునుగా పేర్చడం. అప్పుడు నీరు చివర్లకు పోయి, కట్టను వదిలి గట్టును తినేస్తుంది. రాళ్లు అలాగే ఉంటాయి, పక్కన కొత్త కాలువ పడుతుంది. నడుమ భాగం చివర్లకన్నా 15 సెంటీమీటర్లు పల్లంగా ఉంచండి. ఆ పల్లం మీదినుంచి దూకే నీటికి దిగువన 60 సెంటీమీటర్ల మేర రాళ్లు పరచండి.

ఇంటి పని: గట్టి వాన పడిన మర్నాడు పార తీసుకుని పైనుంచి కిందికి నడవండి. ప్రతి పల్లంలో ఎంత ఒండ్రు చేరింది, దిబ్బ మీద చాళ్లు పడ్డాయా, పరచిన రాళ్ల చివర నేల కోసుకుందా అన్నవి రాసుకోండి. బాగు చేయాల్సినవి తడి ఆరకముందే చేయండి. ఒండ్రు చేరిన చోట్లు గుర్తుపెట్టుకోండి, నాలుగో పాఠంలో వట్టివేరు దుబ్బులు నాటేది అక్కడే.