88 మి.మీ. ఫ్లాక్ కిట్ కొనేముందు

రెండో ప్రపంచ యుద్ధంలో విమానాలను కూల్చిన జర్మన్ ఫిరంగి 88 ఫ్లాక్, దాని చిన్న నమూనా చేసుకునే కిట్ కొంటున్నారా? పెట్టె మీద బొమ్మ కాదు, లోపలి భాగాల ఫోటోలు చూడండి. ముఖ్యంగా గొట్టం. రెండు సగాలుగా వస్తే అతుకు గీత పోయేదాకా సాన పట్టాలి, ఆ తొందరలో గుండ్రటి గొట్టం కాస్తా కోడిగుడ్డులా అయిపోతుంది. ఒకే ముక్కగా గానీ అల్యూమినియంతో గానీ వచ్చేదే తీసుకోండి, నా మాట వినండి.

తర్వాత చక్రాలు. ఈ ఫిరంగిలో రకాలున్నాయి. ఫ్లాక్ 18 రకాన్ని లాగే బండికి ముందు ఒంటి చక్రాలు, వెనక జంట చక్రాలు. ఫ్లాక్ 36కి రెండు వైపులా జంటలే. పేరుకు తగ్గ చక్రాలు ఉన్నాయో లేదో లెక్కపెట్టండి.

1/35 స్కేల్‌లో, అంటే అసలు దానిలో 35వ వంతు సైజులో, గొట్టమే 14 సెంటీమీటర్లు. నాలుగు కాళ్లూ చాపితే ఇంకా చోటు కావాలి, అల్మారా కొలిచాకే కొనండి.