ఆఫీసుకి ఫోన్ సిస్టమ్ ఎలా ఎంచుకోవాలి? అమ్మేవాళ్లని ఎలా నమ్మాలి?

గుంటూరులో ఒక పిల్లల ఆసుపత్రికి ఆఫీసు పనులు చూస్తుంటాను. కొన్నేళ్ల కిందట మే నెలలో ఒక సాయంత్రం ఉరుములు, మెరుపులతో వాన పడింది. మర్నాడు పొద్దున్నే ఒకాయన బిడ్డని భుజాన వేసుకుని వచ్చి, "రాత్రి నుంచి చేస్తున్నామండీ, రింగవుతుంది గానీ ఎవరూ తీయట్లా" అన్నాడు. చూస్తే పిడుగు దెబ్బకి ఈపీఏబీఎక్స్‌లో (ఆఫీసు ఫోన్లని బయటి లైన్లకి కలిపే పెట్టె, పొట్టిగా పీబీఎక్స్) లైన్ కార్డు (బయటి లైన్లు కలిసే పలక) కాలిపోయి ఉంది. చేసేవాళ్లకి వినిపించే రింగ్ ఎక్స్ఛేంజి నుంచి వస్తుంది కాబట్టి, లోపల పెట్టె చచ్చిపోయినా బయట రింగ్ వెళ్తూనే ఉంటుంది. అమ్మినాయన ఫోన్ ఎత్తలేదు. వేరే టెక్నీషియన్ వచ్చాడు గానీ ప్రోగ్రామింగ్ పాస్‌వర్డ్ మా దగ్గర లేదు. నాలుగు రోజులు అలాగే గడిచాయి. ఆ నాలుగు రోజుల్లో జ్వరంతో ఉన్న బిడ్డని పక్కన పెట్టుకుని ఎంతమంది తల్లులు ఫోన్ చేసి ఉంటారో తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

ఆ తర్వాత కొత్త సిస్టమ్ కొనేటప్పుడు ఒక్కో అడుగూ ఎలా వేశామో రాస్తున్నాను. ఆసుపత్రికే కాదు, స్కూలుకైనా చిట్‌ఫండ్ ఆఫీసుకైనా ఇవే పనికొస్తాయి.

1. ముందు ఒక వారం కాల్స్ లెక్క రాయండి

కొటేషన్లు అడగకముందే ఈ పని చేయాలి. రిసెప్షన్ బల్ల మీద ఒక నోటుబుక్కు పెట్టి నాలుగు గళ్లు గీయండి: టైము, ఎవరికోసం, ఏం అడిగారు, మాట్లాడగలిగారా లేదా. మా లెక్కలో పొద్దున 9 నుంచి 11 మధ్య ఒకేసారి మూడు కాల్స్ వస్తున్నాయి, మిగతా రోజంతా ఒకటే, ఎప్పుడైనా రెండు. వచ్చినవాళ్లలో సగంమంది అడిగేది ఒకటే: డాక్టరు గారు ఎన్నింటికి వస్తారు? ఈ ప్రశ్నకి మనిషి అక్కర్లేదు. ఫోన్ ఎత్తగానే టైమింగ్స్ చెప్పే రికార్డింగ్ పెడితే చాలు. మా రిసెప్షన్ అమ్మాయి గొంతుతోనే తెలుగులో రికార్డు చేయించాం.

ఈ లెక్క చేతిలో ఉంటే ఎన్ని లైన్లు, ఎన్ని ఎక్స్‌టెన్షన్లు (గదుల్లో ఉండే లోపలి ఫోన్లు) కావాలో మీరే చెప్పగలరు. మాకు నాలుగు లైన్లు, 14 ఎక్స్‌టెన్షన్లు సరిపోయాయి. మొదట వచ్చినాయన ఎనిమిది లైన్ల పెట్టె కొనమన్నాడు. తర్వాత కార్డులు పెంచుకునే వీలున్న పెట్టె తీసుకుంటే, ఈ రోజే అంత పెద్దది కొనక్కర్లేదు.

2. గోడల్లో ఏ వైరుందో చూడండి

పాత బిల్డింగుల్లో టెలిఫోన్ పెయిర్ కేబుల్ ఉంటుంది. మామూలు ఈపీఏబీఎక్స్‌కి, మామూలు ఫోన్లకి అది చాలు. కొత్త బిల్డింగులో గదిగదికీ లాన్ కేబుల్ ఉంటే ఐపీ పీబీఎక్స్ (కంప్యూటర్ నెట్‌వర్క్ మీద నడిచే రకం) పెట్టుకోవచ్చు. పీఓఈ స్విచ్ (లాన్ కేబుల్లోనే కరెంటు పంపే పెట్టె) పెడితే ఫోన్లకి కరెంటు కూడా ఆ కేబుల్‌లోనే వెళ్తుంది. ఇంటర్నెట్ స్పీడ్ గురించి అంత టెన్షన్ అక్కర్లేదు. మామూలు క్వాలిటీలో ఒక కాల్‌కి అటూ ఇటూ 100 కేబీపీఎస్ లెక్కేసుకుంటే చాలు, పది కాల్స్‌కి 1 ఎంబీపీఎస్. మాట తెగిపోవడానికి అసలు కారణం స్పీడ్ కాదు, కనెక్షన్ నిలకడగా లేకపోవడం. మాట అవతలికి చేరడానికి 150 మిల్లీసెకన్లు దాటితే ఇద్దరూ ఒకరి మాట మీద ఒకరు మాట్లాడేస్తారు.

3. ఈపీఏబీఎక్స్, ఐపీ పీబీఎక్స్, క్లౌడ్: మూడింటిలో ఏది?

ఒకే బిల్డింగు, ఇరవైమంది లోపు స్టాఫ్ అయితే నా ఓటు చిన్న ఈపీఏబీఎక్స్‌కే. అందులోనూ రేపు ఎస్ఐపీ లైన్లు (ఇంటర్నెట్ మీద వచ్చే లైన్లు) కలుపుకోగలిగే హైబ్రిడ్ రకం చూసుకోండి. రెండు మూడు బ్రాంచీలుంటే ఐపీ పీబీఎక్స్ మేలు, బ్రాంచీల మధ్య ఎక్స్‌టెన్షన్ నొక్కి మాట్లాడుకోవచ్చు. స్టాఫ్ ఎప్పుడూ బయట తిరిగే ఆఫీసైతే క్లౌడ్ టెలిఫోనీ (పెట్టె ఆఫీసులో కాకుండా ఇంటర్నెట్ మీద అమ్మే కంపెనీ దగ్గర ఉండే రకం) సుఖం, కాల్స్ వాళ్ల మొబైళ్లకే వెళ్తాయి.

క్లౌడ్ తీసుకునేటప్పుడు ఒక్కటి మాత్రం తప్పకుండా అడగండి: ఆ నంబరు ఎవరి పేరు మీద ఉంటుంది? మన దేశంలో నంబరు మార్చకుండా కంపెనీ మారే సౌకర్యం మొబైల్‌కే ఉంది, ల్యాండ్‌లైన్‌కి లేదు. బోర్డు మీద, బిల్లు పుస్తకాల మీద, పేషెంట్ల చీటీల మీద వేయించుకున్న నంబరు అమ్మినవాళ్ల చేతిలో ఉండిపోతే, వాళ్లతో పొసగని రోజున నంబరే పోతుంది.

4. కరెంటు, పిడుగు

పాత రాగి తీగ ల్యాండ్‌లైన్‌కి ఎక్స్ఛేంజి నుంచే కరెంటు వచ్చేది, ఊళ్లో కరెంటు పోయినా ఫోన్ పనిచేసేది. ఫైబర్‌లో అలా కాదు. గోడకున్న ఫైబర్ పెట్టె ఆగితే ఫోనూ ఆగినట్టే. యూపీఎస్ మీద పీబీఎక్స్ ఒక్కటే పెడితే సరిపోదు, ఆ పెట్టె, రౌటర్, స్విచ్ అన్నీ దాని మీదే ఉండాలి. బయటి నుంచి వచ్చే ప్రతి రాగి లైనుకీ క్రోన్ బాక్స్ (వైర్లన్నీ కలిసే పెట్టె) దగ్గర సర్జ్ ప్రొటెక్టర్ (పిడుగు పోటుని నేలలోకి పంపే పరికరం) పెట్టించి, దాని ఎర్త్ సరిగ్గా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. ఎర్త్ లేని ప్రొటెక్టర్ పెట్టినా పెట్టనట్టే. మాకు జరిగింది అదే.

5. అమ్మే మనిషిని చూడండి

నన్నడిగితే పెట్టె మీద పెట్టే శ్రద్ధకి రెట్టింపు ఇక్కడ పెట్టాలి.

ఆదివారం సాయంత్రం వాళ్ల సర్వీస్ నంబరుకి ఫోన్ చేయండి. అమ్మకముందే ఎత్తనివాళ్లు, డబ్బులు అందాక ఎత్తుతారని నేననుకోను. మర్నాడు షాపుకి వెళ్లండి. స్పేర్ కార్డులు అరలో ఉన్నాయా, టెక్నీషియన్లు జీతం మీద పనిచేస్తున్నారా, పని దొరికినప్పుడే పిలిపిస్తారా అని అడగండి. మేము చివరికి ఎంచుకున్నాయన షాపులో ఒక కుర్రాడు పాత పెట్టె విప్పి కార్డు బాగుచేస్తున్నాడు. పక్కన రిజిస్టరులో ఏ ఆఫీసుకి ఏ రోజు వెళ్లారో తేదీలతో సహా రాసి ఉంది. ఆ రిజిస్టరు చూశాకే నాకు ధైర్యం వచ్చింది.

కస్టమర్ల పేర్లు అడిగితే కొత్తవాళ్లవే ఇస్తారు. మూడేళ్లు దాటిన కస్టమర్ ఒకరిని చూపించమనండి. వాళ్లని "బాగుందా?" అని కాకుండా, "చివరిసారి ఎప్పుడు పాడైంది, ఎన్ని గంటల్లో వచ్చారు?" అని అడగండి.

జీఎస్టీ నంబరు తీసుకుని జీఎస్టీ పోర్టల్‌లో కొట్టండి. 15 అంకెలు, అక్షరాలుండే ఆ నంబరులో మొదటి రెండు అంకెలు రాష్ట్రానివి, ఆంధ్రప్రదేశ్‌కి 37, తెలంగాణకి 36. ఎప్పుడు రిజిస్టరయ్యారో, అది ఇంకా నడుస్తోందో లేదో అందులో కనిపిస్తుంది. ఫలానా కంపెనీ డీలర్లమంటే ఆ కంపెనీకే ఫోన్ చేసి కనుక్కోండి. పీబీఎక్స్‌కి కేంద్ర టెలికాం శాఖ ఎంటీసీటీఈ (టెలికాం పరికరాలకి తప్పనిసరి పరీక్ష) సర్టిఫికెట్ ఉందా అని కూడా అడగండి.

6. కాగితం మీద ఏముండాలి

కొటేషన్‌లో "ఇన్‌స్టలేషన్ మొత్తం ఇంత" అని రాస్తే ఒప్పుకోవద్దు. వైరు మీటరుకి ఎంత, క్రోన్ బాక్స్ ఎంత, ప్రోగ్రామింగ్ ఎంత, జీఎస్టీ ఎంత అని విడివిడిగా రాయించండి. డబ్బంతా ముందే ఇవ్వకండి. మేము 40 శాతం ఆర్డరుతో, 40 బిగించాక, చివరి 20 పదిహేను రోజులు నడిచాక ఇచ్చాం.

ఏఎంసీ (ఏడాదికి చేసుకునే రిపేరు ఒప్పందం) రెండు రకాలు. కాంప్రహెన్సివ్‌లో పార్టులు కూడా కలుస్తాయి, రెండో రకంలో మనిషి వచ్చి చూసి వెళ్లడమే. కాంప్రహెన్సివ్ అన్నా సరే, పిడుగు నష్టం అందులో ఉందో లేదో ఆ వాక్యం వేలు పెట్టి చదవండి. ఎన్ని గంటల్లో వస్తారో కూడా రాయించండి.

7. తాళాలు మీ దగ్గరే ఉండాలి

అడ్మిన్ పాస్‌వర్డ్, ప్రోగ్రామింగ్ బ్యాకప్ ఉన్న పెన్‌డ్రైవ్, ఏ వైరు ఏ గదికో చూపే చార్టు తీసుకున్నాకే చివరి 20 శాతం ఇవ్వండి. కంపెనీ పెట్టిన మొదటి పాస్‌వర్డ్ ఆ రోజే మార్చేయండి. ఇంటర్నెట్‌కి కలిసిన పీబీఎక్స్‌లోకి దొంగలు జొరబడి, సెలవు రోజు రాత్రుళ్లు విదేశాలకి కాల్స్ చేసుకుంటారు. ఆ బిల్లు మన నెత్తిన పడుతుంది. అవసరం లేకపోతే ఐఎస్‌డీ పూర్తిగా ఆపించండి.

8. డబ్బులిచ్చే ముందు పరీక్ష

టెక్నీషియన్ ఎదురుగానే మెయిన్ స్విచ్ ఆపండి, ఫోన్లు ఎంతసేపు నడుస్తాయో చూడండి. మూడు మొబైళ్లతో ఒకేసారి చేసి మూడూ కలుస్తున్నాయో లేదో చూడండి. రాత్రి మోడ్‌లో కాల్ డ్యూటీ నర్సు దగ్గరికి వెళ్తోందా అన్నది మాకు అన్నిటికన్నా ముఖ్యం. ల్యాండ్‌లైన్ నుంచి మొబైల్‌కి చేయాలంటే 2021 జనవరి 15 నుంచి ముందు సున్నా కొట్టాలి. బయటి లైనుకి కూడా సున్నా పెట్టుకుంటే రెండు సున్నాలవుతాయి, ఇది స్టాఫ్‌కి ఆ రోజే నేర్పించండి.

ఆఖరుగా ఒక కాగితం మీద సర్వీస్ నంబరు, టెక్నీషియన్ మొబైల్, వారంటీ తేదీ, పెట్టె సీరియల్ నంబరు పెద్ద అక్షరాలతో రాసి, లామినేషన్ చేయించి పీబీఎక్స్ పక్కన గోడకి అంటించండి. మా కాగితంలో అడుగున ఇంకో వరుస ఉంది: "ఫోన్లు ఆగితే ఈ మొబైల్ రిసెప్షన్‌లో పెట్టి, గేటు బోర్డు మీద నంబరు రాయాలి." ఆ మొబైల్ రోజూ ఛార్జింగ్‌లోనే ఉంటుంది.