చదివింది అర్థమయ్యేలా నేర్పడం – 4వ భాగం: "అర్థమైందా?" అని అడక్కండి

పోయిన భాగంలో ఇచ్చిన హోంవర్క్ చేశారా? బాగా చదువుతాడని పేరున్న పిల్లాడి చేత ఒక పేజీ గడగడా చదివించి, పుస్తకం మూసేసి, "ఏముందిరా అందులో?" అని అడగమన్నాను. చాలామందికి నీళ్లు నమలడమే జవాబుగా వచ్చి ఉంటుంది. కంగారు పడకండి. గఫ్, టన్మర్ అనే పరిశోధకులు 1986లో చెప్పిన లెక్క గుర్తుందిగా: అక్షరాల్ని మాటలుగా పలకగలగడం, ఆ భాష విన్నప్పుడు అర్థం చేసుకోగలగడం, ఈ రెండిటి గుణకారమే చదవడం. ఏ ఒక్కటి సున్నా అయినా మొత్తం సున్నానే.

ఇవాళ్టి సంగతి ఇంకా చిక్కు. పిల్లాడికి అర్థం కాలేదు, పైగా అర్థం కాలేదన్న సంగతి వాడికే తెలీదు. అలాంటప్పుడు మనం "అర్థమైందా?" అంటే "ఆఁ, అయింది" అంటాడు. అబద్ధమాడట్లేదు పాపం, నిజంగానే అయిందనుకుంటున్నాడు.

ఈ వాక్యం చూడండి: "గిమ్మలు పొద్దున్నే తుర్రెలో లొబికాయి." గిమ్మలు ఎక్కడ లొబికాయి? తుర్రెలో. ఎప్పుడు? పొద్దున్నే. రెండుకి రెండు మార్కులు! గిమ్మంటే ఏంటో మీకు తెలీదు, నాకూ తెలీదు, ఇప్పుడే పుట్టించాను. ప్రశ్నలో "ఎక్కడ" అని ఉంటే "లో" తగిలించుకున్న మాట వెతికి రాసేస్తే చాలు, మరి పాఠం చివర మనం అడిగేవి ఎక్కువగా ఇలాంటి ప్రశ్నలే.

1979లో ఎలెన్ మార్క్‌మన్ అనే పరిశోధకురాలు మూడు, ఐదు, ఆరు తరగతుల పిల్లల ముందు చిన్న చిన్న వ్యాసాలు పెట్టారు. ఒకదాంట్లో, సముద్రం అడుగున చిమ్మచీకటి, అక్కడ చేపలకి రంగులు కూడా కనపడవు అని ఉంటుంది. ఆ వెంటనే, అక్కడుండే కొన్ని చేపలు రంగు చూసి తమ తిండిని గుర్తుపడతాయి అని ఉంటుంది. చాలామంది పిల్లలకి ఇందులో తేడా ఏమీ కనపడలేదు. ఒక్కో వాక్యం విడివిడిగా బాగానే ఉంది కదా!

మరి నేర్పడం ఎలా? మనం తికమకపడటం పిల్లలకి కనపడాలి. పైకి చదువుతూ, మనసులో అనుకునేది కూడా పైకే అనాలి. నేనైతే ఈ ముక్కతో మొదలుపెడతాను:

"కుక్క పాపని చూసి మొరిగింది. భయపడి గోడ దూకింది. ఒక చెప్పు ఇవతలే ఉండిపోయింది."

రెండో వాక్యం దగ్గర ఆగిపోండి. "ఉండండుండండి, దూకింది ఎవరు? కుక్కా, పాపా? దూకింది అంటే రెండిటికీ సరిపోతుందే. మొరిగింది కుక్క కాబట్టి భయపడింది పాపే అయ్యుండాలి, కానీ గట్టిగా చెప్పలేను, ముందుకెళ్లి చూద్దాం." మూడో వాక్యం చదివాక, "చెప్పు అంటున్నారు, అయితే పాపే." అదే పాప బదులు బాబు అయితే "దూకాడు" అని క్రియే చెప్పేసేది. తెలుగులో కర్తని వదిలేసి రాయడం మనకి ఎంత అలవాటంటే, చదివేవాడు ఆ ఖాళీని పూరించుకోవాలన్న సంగతి మనకే గుర్తుండదు.

మొదట్లో ఇదంతా నాటకంలా అనిపించి సిగ్గేస్తుంది. నాకూ వేసింది, రెండో రోజే మానేసి మళ్లీ మామూలుగా వివరించడం మొదలుపెట్టాను. వారం తర్వాత చూస్తే, వివరించిందంతా నాకే బాగా గుర్తుంది, పిల్లలకి కాదు.

ఈ వారం పని: పిల్లలకి తెలిసిన విషయం మీద ఆరేడు వాక్యాల పేరా తీసుకుని, ఒక వాక్యాన్ని ముందున్నదానికి పొసగకుండా మార్చండి. తప్పుందని ముందే చెప్పొద్దు. పెన్సిల్ ఇచ్చి, ఎక్కడ మనసు ఆగితే అక్కడ చుక్క పెట్టమనండి, చుక్కకి మార్కులుండవు, తిట్లూ ఉండవు. ఎవరు కనిపెట్టారన్నది పక్కన పెట్టి, ఎవరి కళ్లు వెనక్కి పై వాక్యానికి వెళ్లాయో చూసి రాసుకోండి. ఒక్క చుక్క కూడా పెట్టని కాగితాలు విడిగా దాచండి, 5వ భాగం వాటితోనే మొదలవుతుంది.