అద్దె ఫ్లాట్ బాల్కనీ నుంచి క్యూఓ-100కి: వైఫై ప్యానెల్‌తో అప్‌లింక్

హ్యాములు, అంటే లైసెన్సు ఉన్న రేడియో అభిరుచిపరులు, వాడే క్యూఓ-100 ఉపగ్రహానికి అప్‌లింక్ (కింది నుంచి సిగ్నల్ పంపడం) అనగానే అందరూ 80 సెంటీమీటర్ల డిష్, దాని ముందు రెండు బ్యాండ్ల ఫీడ్ (చిన్న యాంటెన్నా) గురించే చెబుతారు. అద్దె ఫ్లాట్‌లో ఉండేవాళ్లకి అది అయ్యే పని కాదు. మ్యూనిక్‌లో మా ఓనరుకి గోడకి మేకు కొట్టినా నచ్చదు, ఇక డిష్ మాట ఎక్కడ ఎత్తేది? అందుకే నేను బాల్కనీ రెయిలింగ్‌కి 2.4 గిగాహెర్ట్జ్ వైఫై ప్యానెల్, అంటే పలక లాంటి యాంటెన్నా, ఒకటి బిగించుకున్నాను. వినడానికి నేలమీద స్టాండుకి ఒక చిన్న డిష్, పంపడానికి ఈ పలక. పద్ధతిగా చేస్తే పని జరుగుతుంది, కానీ ప్రతి డీబీకీ (డెసిబెల్, సిగ్నల్ బలం ఎంత పెరిగిందో తగ్గిందో చెప్పే కొలత) లెక్క చూసుకోవాలి.

ముందు ఉపగ్రహం సంగతి. ఖతార్‌కి చెందిన ఎస్‌హైల్-2 అనే టీవీ ఉపగ్రహం మీద హ్యాముల కోసం పెట్టిన ట్రాన్స్‌పాండరే, అంటే అందుకున్న సిగ్నల్‌ని వేరే ఫ్రీక్వెన్సీలో తిరిగి పంపే పరికరమే, క్యూఓ-100. 2018 నవంబరు 15న పైకి వెళ్లింది, 2019 ఫిబ్రవరి 14న హ్యాములకి తెరిచారు. 25.9 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర కదలకుండా ఉంటుంది కాబట్టి యాంటెన్నా తిప్పే బాధ లేదు. మనం 2400 మెగాహెర్ట్జ్ దగ్గర పంపితే అది 10,489 మెగాహెర్ట్జ్ దగ్గర దిగుతుంది. రెండింటికీ తేడా 8089.5. అంటే 2400.250లో మాట్లాడితే 10,489.750 దగ్గర వినబడతారు, కానీ సరిగ్గా అక్కడ మధ్య బీకన్ (గుర్తుగా ఆగకుండా వచ్చే సిగ్నల్) ఉంటుంది, దాని జోలికి పోకండి.

ప్యానెల్ కొనేటప్పుడు పెట్టె మీది అంకెల్ని గుడ్డిగా నమ్మొద్దు. ఈ ఫ్రీక్వెన్సీలో తరంగదైర్ఘ్యం 12.5 సెంటీమీటర్లు. 20 సెంటీమీటర్ల చదరపు పలక నూటికి నూరు పాళ్లు పనిచేసినా లాభం (సిగ్నల్‌ని ఒక దిక్కుకి కూడగట్టే బలం) 15 డీబీఐ దాటదు. దాని మీద 18 అని రాసి ఉంటే అది అమ్మేవాడి మాట. నిజంగా 18 డీబీఐ రావాలంటే పలక 35 సెంటీమీటర్ల దరిదాపుల్లో ఉండాలి. ఇంకో సంగతి, వైఫై ప్యానెళ్లని 2440 మధ్యలో పెట్టుకుని ట్యూన్ చేస్తారు, మన పని 2400 అంచున. కొన్నాక వీఎన్ఏ అనే యాంటెన్నా పరీక్షించే పరికరంతో ఆ అంచు దగ్గర ఎస్‌డబ్ల్యూఆర్ (పంపిన పవర్ ఎంత వెనక్కి తిరిగొస్తుందో చెప్పే అంకె) చూడండి. పాత చిన్న నానోవీఎన్ఏలు 2.4 గిగాహెర్ట్జ్ వరకు రావు, 3 గిగాహెర్ట్జ్ దాటేది కావాలి. ఎస్‌డబ్ల్యూఆర్ 1.5 లోపు ఉంటే హాయి, 2 ఉన్నా కొంప మునగదు, నష్టం అర డీబీయే.

అందరూ తికమకపడేది పోలరైజేషన్ దగ్గర, అంటే తరంగం ఎటు ఊగుతుంది, ఎటు తిరుగుతుంది అన్నదాని దగ్గర. ఉపగ్రహం అప్‌లింక్‌ని కుడిచేతి వర్తుల పోలరైజేషన్‌లో తీసుకుంటుంది. డిష్ వాడేవాళ్లు ఎడమచేతి ఫీడ్ పెడతారు, డిష్‌కి తగిలి వెనక్కి వచ్చేటప్పుడు అది కుడికి మారుతుంది కాబట్టి. పలకకి ఆ అద్దం లేదు, నేరుగా కుడిచేతిదే కావాలి. డిష్ కోసం చేసిన ఫీడ్‌ని ఊడదీసి ఆకాశం వైపు పెడితే సరిగ్గా తిరగబడిన పోలరైజేషన్ వెళ్తుంది, 20 డీబీ దాకా పోవచ్చు. మామూలు వైఫై ప్యానెల్ లీనియర్ (తరంగం తిరగకుండా ఒకే గీతలో ఊగుతుంది), కాబట్టి అందులో 3 డీబీ, అంటే సగం పవర్, ఎలాగూ పోతుంది. నిలువుగా పెట్టినా అడ్డంగా పెట్టినా ఉపగ్రహానికి తేడా లేదు. అందుకని నీళ్లు కారిపోయే సన్న రంధ్రం కిందికి ఉండేలా బిగించండి. దాన్ని పైకి తిప్పితే వాన నీళ్లు లోపలే నిలుస్తాయి. కుడిచేతి వర్తుల ప్యానెల్ దొరికితే మాత్రం డబ్బులు ఎక్కువైనా అదే తీసుకోండి.

ఇప్పుడు లెక్క. 75 సెంటీమీటర్ల డిష్‌తో 5 వాట్లు పంపితే ఎస్ఎస్‌బీకి (మాట పంపే పద్ధతి) చక్కగా సరిపోతుంది. దాని ఈఐఆర్‌పీ, అంటే యాంటెన్నా లాభం కలిపిన పవర్, సుమారు 30 డీబీడబ్ల్యూ (ఒక వాటుతో పోల్చి డీబీల్లో చెప్పే పవర్). నా దగ్గర 18 డీబీఐ లీనియర్ ప్యానెల్, 20 వాట్ల యాంప్లిఫయర్ ఉన్నాయి. 20 వాట్లంటే 13 డీబీడబ్ల్యూ, దానికి 18 కలిపి, పోలరైజేషన్‌లో పోయే 3 తీసేస్తే 28. డిష్ కంటే 2 డీబీ తక్కువ, పర్లేదు. అదే యాంప్లిఫయర్ గదిలో పెట్టుకుని 3 మీటర్ల ఆర్‌జీ-58 లాగితే ఇంకో 3 డీబీ కేబుల్‌లోనే వేడెక్కి పోతుంది, 25కి పడిపోతాం. అందుకే యాంప్లిఫయర్‌ని ప్యానెల్ వెనకే నీళ్లు చొరని పెట్టెలో పెట్టాను, మధ్యలో అరచేతంత జంపర్ కేబుల్. గది నుంచి దూరం తప్పదంటే ఎల్ఎంఆర్-400 లాంటిది వాడండి, మీటరుకి పావు డీబీ కూడా పోదు. కనెక్టర్లు ఎన్-టైప్ లేదా ఎస్ఎంఏ, తక్కువ ఫ్రీక్వెన్సీల హెచ్ఎఫ్ బ్యాండ్లలో వాడే పీఎల్-259 ఇక్కడికి తేవొద్దు. యాంటెన్నా తగిలించకుండా పీటీటీ (పంపే బటన్) నొక్కితే యాంప్లిఫయర్ పోయినట్టే.

గురి పెట్టడం డిష్ కంటే తేలిక. 18 డీబీఐ ప్యానెల్ కిరణం వెడల్పు సుమారు 20 డిగ్రీలు, 5 డిగ్రీలు పక్కకి పోయినా నష్టం ఒక డీబీ లోపే. మ్యూనిక్ నుంచి ఉపగ్రహం 161 డిగ్రీల దిక్కులో, 33 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. ఇనుప రెయిలింగ్ పక్కన ఫోన్ దిక్సూచి పిచ్చి పిచ్చిగా తిరుగుతుంది, దాన్ని పట్టించుకోకండి. ఇక్కడ చుట్టుపక్కల బాల్కనీల్లో డిష్‌లు ఎక్కువగా 19.2 తూర్పులోని ఆస్ట్రా వైపు చూస్తుంటాయి. వాటికంటే 9 డిగ్రీలు ఎడమకి తిప్పితే మనది. ఎత్తు మాత్రం డిష్‌ని చూసి కాకుండా ఫోన్‌లోని కోణం కొలిచే యాప్‌ని పలక వీపుకి ఆనించి సరిచూడండి. పలక కింది అంచు రెయిలింగ్ కడ్డీల పైన ఉండాలి. కిటికీ లోపల పెడదామనుకుంటే, కొత్త కిటికీ అద్దాల మీది లోహపు పూత సిగ్నల్‌ని తినేస్తుంది. హైదరాబాద్ నుంచైతే దిక్కు 257, ఎత్తు దాదాపు 28, అంటే పడమటి బాల్కనీ కావాలి. ఏ దేశంలోనైనా మీ లైసెన్సులో ఈ బ్యాండ్ ఉందని చూసుకున్నాకే పంపండి.

భద్రత విషయంలో నవ్వులాట పనికిరాదు. పోలరైజేషన్‌లో పోయే 3 డీబీ ఉపగ్రహం లెక్కే, ముందున్న మనుషులకి అది తగ్గదు. కాబట్టి ఇక్కడ 31 డీబీడబ్ల్యూ, అంటే సుమారు 1260 వాట్ల ఈఐఆర్‌పీ. జనం ఉండే చోట చదరపు మీటరుకి 10 వాట్లు దాటకూడదనే పరిమితితో చూస్తే ప్యానెల్ ముందు దాదాపు మూడుంపావు మీటర్ల మేర ఎవరూ ఉండకూడదు. జర్మనీలో 10 వాట్ల ఈఐఆర్‌పీ దాటే స్థిరమైన స్టేషన్‌కి ఈ దూరం లెక్క కట్టి అధికారులకి ముందే తెలియజేయాలి. పై అంతస్తు బాల్కనీ ఆ దారిలో పడుతుందేమో చూసుకోండి. ఇంట్లో వైఫై కూడా 1వ ఛానెల్‌లో ఉంటే మీరు మాట్లాడినప్పుడల్లా పడిపోతుంది. రౌటర్‌ని 5 గిగాహెర్ట్జ్‌కి మార్చేస్తే ఇంట్లో గొడవ ఉండదు.

వినడానికి టీసీఎక్స్ఓ (ఫ్రీక్వెన్సీ కదలనివ్వని ఆసిలేటర్) ఉన్న ఎల్ఎన్‌బీకి, అంటే డిష్ ముందుండే రిసీవర్ ముక్కకి, 12 వోల్ట్‌లు ఇస్తే నిలువు పోలరైజేషన్ వస్తుంది, మనం వాడే నారోబ్యాండ్ (సన్నటి సిగ్నళ్ల భాగం) అందులోనే. ఎల్ఎన్‌బీ ఫ్రీక్వెన్సీని కిందికి దించుతుంది కాబట్టి మధ్య బీకన్ ఎస్‌డీఆర్‌లో (కంప్యూటర్ సాయంతో పనిచేసే రేడియో) 739.750 మెగాహెర్ట్జ్ దగ్గర కనిపిస్తుంది. ఎస్‌డీఆర్ డాంగిల్‌లోని బయాస్ వోల్టేజి సరిపోదు, విడిగా బయాస్-టీ (కేబుల్ మీదుగా ఎల్ఎన్‌బీకి కరెంటు ఎక్కించే ముక్క) పెట్టాలి. ఇదంతా కొనేముందు ఇంగ్లండ్‌లోని గూన్‌హిల్లీ వెబ్ ఎస్‌డీఆర్‌లో ఊరికే విని చూడండి.

మొదట సీడబ్ల్యూ (మోర్స్ కోడ్) పంపండి, సన్నటి బ్యాండ్‌విడ్త్‌లో 2, 3 వాట్లకే చక్కగా కనిపిస్తారు. తర్వాత ఎస్ఎస్‌బీ, 2.7 కిలోహెర్ట్జ్ లోపు. ఎఫ్ఎం నిషిద్ధం. హెడ్‌ఫోన్ తప్పనిసరి, మీ గొంతే పావు సెకను తర్వాత వెనక్కి వస్తుంటే నాలుక తడబడుతుంది. నేను మాట్లాడేటప్పుడు వాల్యూమ్ తగ్గించి వాటర్‌ఫాల్ (తెరమీద సిగ్నళ్లని గీతలుగా చూపే బొమ్మ) చూస్తుంటాను. మీ గీత బీకన్ కంటే ప్రకాశంగా ఉంటే పవర్ తగ్గించండి, లేకపోతే లైలా అనే హెచ్చరిక సైరన్ మీ ఫ్రీక్వెన్సీ మీదే మోగుతుంది. ఈ పలకతో ఎస్ఎస్‌బీలో అక్కడిదాకా రాదు గానీ, సీడబ్ల్యూలో 20 వాట్లూ తెరిస్తే వచ్చే అవకాశం ఉంది.